తిక్కన వదిలిన అడవి, గేమ్‌లో దొరికిన అడవి

కాంట్రా ఆటలో మొదటి లెవెల్ అడవి. 1987లో జపాన్ కంపెనీ కొనామి దీన్ని ఆర్కేడ్ యంత్రాల కోసం తయారుచేసింది, మరుసటి ఏడు టీవీకి తగిలించుకునే నింటెండో పెట్టెలకూ తెచ్చింది. 1990లలో మన ఊళ్లకు ఇది అసలు పెట్టెతో రాలేదు. ఆ పెట్టెను చూసి చేసిన నకళ్లతో, బజారులో దొరికే కాసెట్లతో వచ్చింది. జపాన్‌లో ఆట కొన్నవాడికి దాంతోపాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చేవాళ్లు. కథ 2633వ సంవత్సరంలో, న్యూజిలాండ్ దగ్గరలోని గలూగా అనే కల్పిత దీవుల్లో జరుగుతుందని అందులో ఉండేది. అమెరికాలో ఇచ్చిన పుస్తకం ఆ కథను మార్చేసి, వర్తమాన కాలానికి, దక్షిణ అమెరికాకు తెచ్చిపెట్టింది. మన బజారుకు ఏ పుస్తకమూ రాలేదు. తుపాకులు పట్టుకున్న ఇద్దరు మనుషులు, వెనక పచ్చటి చెట్లు, కింద నీళ్లు, కాలు పెడితే పేలిపోయే వంతెనలు, చివర్లో అడ్డంగా ఒక గోడ. వాళ్లెవరో, ఎవరి మీద యుద్ధమో, ఆ అడవి ఏ దేశానిదో చెప్పే దిక్కు లేదు. కథ దారిలోనే రాలిపోయి అడవి ఒక్కటే మన ఇళ్లకు చేరింది. దానికి కథ కావాలంటే ఆడేవాళ్లే కట్టుకోవాలి. ఈ వ్యాసం చెప్పదలచుకున్నదీ అదే. గేమ్‌లోని అడవి చూపించినదానికన్నా చూపించకుండా మిగిల్చినదే ఊహను ఎక్కువగా రేపుతుంది. అలా మిగిలిన చోటును సొంత కథతో నింపడం తెలుగు సాహిత్యానికి, అందులోనూ నెల్లూరు సీమకు, ఏనాటి నుంచో తెలిసిన పని.

పది పలకల అడవి

ఆ పాత పెట్టె ఎంత బీదదో తెలిస్తే ఈ మాట తేలిగ్గా బోధపడుతుంది. దాని తెర మీద అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240 చుక్కలు. వెనక కనిపించే దృశ్యాన్నంతా 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉన్న బుల్లి పలకలతో పేర్చాలి. ఒక దృశ్యానికి మామూలుగా అందుబాటులో ఉండే పలకలు 256. అందుకని బొమ్మలు గీసేవాళ్లు ఒకే ఆకుల గుత్తిని పదేపదే అతికించి అడవి అనిపించేవాళ్లు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో ఆకాశంలో మబ్బూ, నేల మీద పొదా ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో పంపుకొనే మామూలు ఫొటో కూడా అంతకన్నా పెద్దదే. జపాన్‌లో ఇళ్లకు వచ్చిన కాంట్రాలో అడవి ఆకులు గాలికి ఊగేవి, లెవెల్‌కూ లెవెల్‌కూ మధ్య చిన్న పటం కనిపించేది. అమెరికా ప్రతిలో అవి కూడా లేవు. ఇంత కరువులో తయారైన అడవి మనసును ఎందుకు పట్టుకుంటుంది? అమెరికన్ కామిక్స్ రచయిత స్కాట్ మెక్‌లౌడ్ 1993లో వచ్చిన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' పుస్తకంలో దీనికి దగ్గరి జవాబు ఇచ్చాడు. ముఖాన్ని ఎన్ని తక్కువ గీతలతో గీస్తే, చూసేవాడు అందులో అంత సులువుగా తనను చూసుకుంటాడని ఆయన వాదన. అడవి విషయంలోనూ ఇంతే. ఫొటోలా ఉన్న అడవి ఫలానా చోటి అడవిగా నిలిచిపోతుంది. పది పలకల అడవి మాత్రం చూసేవాడు ఎరిగిన అడవిగా మారిపోతుంది.

మరి కోట లెవెల్, మంచు లెవెల్, ఫ్యాక్టరీ లెవెల్ ఉండగా అడవి ప్రత్యేకత ఏమిటి? కోటకు గోడ ఉంటుంది, గోడ దగ్గర చూపూ ఊహా రెండూ ఆగుతాయి. ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ ఒక పని ఉంటుంది, ఎందుకుందని అడగాల్సిన పనిలేదు. అడవిలో చెట్టు వెనక చెట్టు ఉంటుంది, దాని వెనక ఏముందో కనబడదు, ఏదో ఉందన్న అనుమానం మాత్రం వదలదు. పైగా ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వస్తే కోటలో అది బద్ధకంగా కనిపిస్తుంది, అడవిలో దారి తప్పినట్టు అనిపిస్తుంది. ఈ కిటుకును నింటెండో 1986లోనే 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా'లో వాడుకుంది. అందులో లాస్ట్ వుడ్స్ అనే అడవి ఉంది. వచ్చిన తూర్పు దారిన వెనక్కి పోతే తప్ప, ఎటు నడిచినా మళ్లీ అదే తెర వస్తుంది. ఉత్తరం, పడమర, దక్షిణం, మళ్లీ పడమర అన్న వరసలో నడిస్తేనే అవతలికి చేరతాం. నిజానికి అక్కడున్నది ఒక్క తెర. ఆడేవాడి తలలో మాత్రం అది అంతులేని కీకారణ్యం. ఈ ఆట రూపకర్త షిగెరు మియమొతో, క్యోటో దగ్గర సొనోబేలో చిన్నప్పుడు అడవుల్లో, గుహల్లో తిరిగిన అనుభవమే జెల్డాకు మూలమని పలు సందర్భాల్లో చెప్పాడు. ఒక పిల్లవాడి నిజమైన అడవి ఇలా చుక్కల్లోకి కుదించుకుపోయి, లక్షలమంది పిల్లల తలల్లో మళ్లీ విప్పుకుంది. అయితే ఒక్కొక్కరి తలలో అది ఒక్కో రకం చెట్లతో విప్పుకుంది.

ఏడేళ్ల ఖాళీ

ఒక రచనలోని పాత్రలను, లోకాన్ని తీసుకుని అభిమానులు సొంతంగా రాసుకునే కథలను ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. ఇది ఇంటర్నెట్‌తో పుట్టలేదు. 'స్టార్ ట్రెక్' టీవీ సీరియల్ అభిమానులు 1967లోనే 'స్పాకనేలియా' పేరుతో ఇలాంటి కథలున్న పత్రిక అచ్చువేసుకున్నారు. 2009లో మొదలైన 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే ఉచిత భాండాగారంలో నేడు కోటికి మించి రచనలున్నాయి. సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డు 2019లో దానికి దక్కింది. ఈ కథలు మూల రచనలో ఎక్కడ మొలకెత్తుతాయో గమనించాలంటే 1998 నాటి జెల్డా ఆట 'ఒకరీనా ఆఫ్ టైమ్' మంచి ఉదాహరణ. లింక్ అనే కుర్రాడు కొకిరి అనే అడవిలో పెరుగుతాడు. సారియా అతని నెచ్చెలి. అతను అడవి దాటి వెళ్లి, ఒక మంత్రఖడ్గం తీసినప్పుడు ఏడేళ్లు నిద్రలో ఉండిపోతాడు. తిరిగి వచ్చేసరికి ఊళ్లో రాక్షసజాతి మొక్కలు మొలిచి ఉంటాయి, పిల్లలు ఇళ్లలో దాక్కుని ఉంటారు, సారియా గుడిలోకి వెళ్లి ఉంటుంది. ఆ ఏడేళ్లలో అక్కడ ఏం జరిగిందో ఆట చూపించదు. లాస్ట్ వుడ్స్‌లో తప్పిపోయిన పిల్లలు ఒక రకం జీవులుగా, పెద్దలు అస్థిపంజరాలుగా మారతారని రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తుంది. ఆ పిల్లలు ఎవరి పిల్లలు, వెతుక్కుంటూ ఎవరైనా వచ్చారా అన్న ఊసే ఎత్తదు. అభిమానుల కథలు వెతుక్కునేది సరిగ్గా ఇలాంటి సందులనే. ముందు ఇలా ఉంది, తర్వాత ఇలా అయింది, మధ్యలో ఏమిటన్నది ఎవరూ చెప్పరు. కథ రాయాలన్న దురద అక్కడ పుడుతుంది.

ఇది ఒక్క ఆట గుణం అనుకోనక్కర్లేదు. మన దగ్గరే ఇంతకంటే పెద్ద నిదర్శనం ఉంది. 2015లో 'బాహుబలి' మొదటి భాగం ఒక ప్రశ్న దగ్గర ఆగింది. 2017లో రెండో భాగం వచ్చేదాకా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్నదానికి దేశమంతా తలో జవాబు అల్లింది. టీకొట్టు దగ్గర చెప్పుకున్న ఆ జవాబులన్నీ రాయని ఫ్యాన్ ఫిక్షనే. 2022 నాటి 'ఆర్.ఆర్.ఆర్.' పునాది కూడా ఖాళీయే. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం ఇద్దరూ యవ్వనంలో కొన్నేళ్లు ఊరు విడిచి వెళ్లారు, ఆ కాలం గురించి పెద్దగా తెలియదు, అప్పుడు ఇద్దరూ కలిసి ఉంటే ఎలా ఉండేదన్న ఊహే ఈ సినిమా అని రాజమౌళి 2019లోనే చెప్పారు. ఒకరు 1922లో రంప అడవుల్లో తిరగబడ్డ మనిషి, ఇంకొకరు 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మనిషి. రెండు అడవుల చరిత్రల మధ్య మిగిలిన సందులో ఒక సినిమా పుట్టింది. ఆ సినిమా మీద మళ్లీ తెలుగు రాని దేశాల అభిమానులు కూడా కథలు రాశారు. ఖాళీ నింపిన కథ ఇంకో ఖాళీని మిగిల్చింది.

సరుగుడు తోపులు, షార్ అడవి, నీళ్లలో చెట్లు

ఇక నెల్లూరు తీరానికి వద్దాం. ఇక్కడ పెరిగే పిల్లవాడు తెర మీది చెట్ల వెనక దేన్ని ఊహిస్తాడు? తాను చూసిందాన్నే. ఈ తీరంలో కంటికి ముందుగా ఆనేది సరుగుడు తోట. మైపాడు వైపు వెళ్లినా, తూపిలిపాళెం వైపు వెళ్లినా ఇసుక నేలలో ఇవే కనిపిస్తాయి. ఈ చెట్టు ఈ తీరానిది కాదు. 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం, ఇసుకనూ ఉప్పుగాలినీ ఆపడం కోసం తీరమంతా పెంచారు. ఇప్పుడు గుంజలకు, కాగితం గుజ్జుకు పోతోంది. తోపులోకి అడుగుపెడితే ఎటు చూసినా ఒకే మందం మానులు, వరసకూ వరసకూ ఒకే ఎడం. కింద పొదలుండవు. సూదుల్లాంటి ఆకు రాలి ఇసుక మీద గోధుమరంగు పరుపులా పేరుకుంటుంది, నడిస్తే అడుగుల చప్పుడు వినబడదు. పైన మాత్రం గాలి ఆగకుండా హోరు పెడుతుంటుంది, సముద్రం ఎటు ఉందో ఆ హోరులో తేలదు. నాలుగు అడుగులు పక్కకు జరిగితే వరసలు కలిసిపోయి గోడలా కనిపిస్తాయి, ఇంకో అడుగు వేస్తే మళ్లీ విడిపోయి బాటలవుతాయి. పలకలు పేర్చిన గేమ్ అడవికి దీనికన్నా దగ్గరి చుట్టం ఉండదు. ఒకే చెట్టు వందలసార్లు అచ్చువేసినట్టుండే ఈ తోపు, నాలుగైదేళ్లు తిరగ్గానే నరుకుడుకు వచ్చి మాయమవుతుంది కూడా. అడవి ఉన్నచోట మరునాడు మోళ్లు మిగిలితే, ఆ చెట్ల మధ్య దాక్కున్నవాళ్లు ఎక్కడికి పోయారన్న ప్రశ్న ఏ పిల్లవాడికైనా తోచవచ్చు.

రెండో అడవి శ్రీహరికోట. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ఈ దీవి అడవి ఒకప్పుడు బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసుకు పొయ్యికట్టెలు పంపేది. దాని లోతుపాతులు తెలిసినవాళ్లు అక్కడి యానాదులు. తేనె, దుంపలు, వేర్లు ఎక్కడ దొరుకుతాయో వాళ్ల నోటనే ఉండేది. నెల్లూరు జిల్లాలో యానాదుల కోసం జీవితాంతం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య వాళ్ల గురించి 1962లో ఒక పుస్తకమే రాశారు. 1969లో ఆ దీవిని షార్ అని పిలిచే రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు, 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. అప్పటినుంచీ ఆ అడవి అనుమతి ఉంటేనే అడుగుపెట్టగలిగే చోటు. సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యగా రోడ్డు పోతుంది, గేటు దగ్గర ఆగిపోతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తెలిసిందల్లా చెట్ల మీదుగా లేచే నిప్పుకణం, దాని వెంట వచ్చే ఉరుము. మూడో అడవి నేలపట్టు. చెరువు నీళ్లలో మునిగి నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. 1976లో దాన్ని పక్షుల రక్షణ కేంద్రం చేశారు. ప్రళయకావేరి అన్న పాత పేరు పులికాట్‌కు ఉంది. ఆ సరస్సు చుట్టూ ఎంత బతుకు ఉందో స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదివితే తెలుస్తుంది. జిల్లాల హద్దులు మారుతున్నా తీరం మాత్రం ఒక్కటే. ఒకే చెట్టు తిరిగి తిరిగి వచ్చే తోపు, లోపలికి పోనివ్వని దీవి, నీళ్లలో నిలబడ్డ వనం. ప్రపంచంలోని గేమ్ రూపకర్తలు అడవి లెవెల్‌కు వాడే మూడు ఎత్తులూ ఇక్కడ నేల మీదే ఉన్నాయి. తెర మీది సన్నటి అడవిని నింపుకోవడానికి ఈ తీరపు పిల్లలకు సరుకు ఎక్కడా అప్పు తేనక్కర్లేదు.

మూడువందల ఏళ్లు ఆగిన అరణ్యం

నెల్లూరుకు ఈ విషయంలో ఉన్న అసలు సంబంధం ఇంకా పాతది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టి ఆదిపర్వం, సభాపర్వం ముగించి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో విక్రమసింహపురి అనే నెల్లూరులో, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన ఆ పని అందుకున్నాడు. అయితే ఆగినచోటి నుంచి అందుకోలేదు. అడవిని వదిలేసి విరాటపర్వం దగ్గర మొదలుపెట్టి మిగిలిన 15 పర్వాలూ రాశాడు. అరణ్యపర్వం ముట్టుకుంటే అరిష్టమన్న భయంతో వదిలాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కారణం ఏదైనా, తెలుగు భారతం మధ్యలో అడవి అంత ఖాళీ మిగిలింది. 14వ శతాబ్దంలో దాన్ని పూరించినవాడు ఎర్రన. ఆయన కందుకూరు దగ్గరి గుడ్లూరు మనిషని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. అయినా ఈ భాగాన్ని తన రాజుకు అంకితమివ్వలేదు. నన్నయ రాసినట్టే, నన్నయ పోషకుడైన రాజరాజ నరేంద్రుణ్నే సంబోధిస్తూ రాశాడు. నన్నయ కలం ఆగింది శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర. ఎర్రన ఎత్తుకున్నది శరత్కాలపు ఉదయంతో. అదే రుతువు, అదే అడవి, రాత్రి గడిచి తెల్లారిందంతే. ముందటి కవి విడిచిన చోటును అతని శైలిలోనే, అతని లోకం చెడకుండా అతికిన నేర్పు అది. ఇవాళ మంచి ఫ్యాన్ ఫిక్షన్‌కు పాఠకులు పెట్టే మొదటి పరీక్ష కూడా ఇదే. అతుకు కనబడకూడదు, కొత్తదనం మాత్రం కనబడాలి.

అరణ్యపర్వం ఇంకో సంగతీ చెబుతుంది. భారతంలో ఉపకథలు గుట్టలుగా పడి ఉన్నది అక్కడే. నలదమయంతుల కథ, సావిత్రి కథ, యక్షప్రశ్నలు అన్నీ అడవిలోవే. సభలో జూదం, కురుక్షేత్రంలో యుద్ధం, అక్కడ కథ చెప్పుకునే తీరిక ఎవరికీ లేదు. అడవిలో పన్నెండేళ్లు ఉన్నాయి, ఎవరో ఒక ముని వస్తాడు, ధర్మరాజు అడుగుతాడు, ఆయన చెబుతాడు. కథకు చోటు ఒక్కటే చాలదు, వ్యవధి కూడా కావాలి, అడవి రెండూ ఇస్తుంది. తెలుగువాళ్లు ఈ సదుపాయాన్ని భారతం బయట కూడా వాడుకున్నారు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు, అభిమన్యుడికి ఉత్తరతోనే పెళ్లి. ఘటోత్కచుడు మాత్రం అడవిలో ఉన్నాడు. తండ్రుల ఇంటికి దూరంగా, తల్లి దగ్గర పెరిగిన ఆ కొడుకు యుద్ధానికి ముందు ఏం చేస్తుండేవాడన్నది పెద్దగా చెప్పని సంగతి. జనం నోట, నాటకాల్లో అల్లుకున్న శశిరేఖ పరిణయ కథ ఆ సందులో దూరింది. 1957లో కె.వి.రెడ్డి 'మాయాబజార్' తీస్తే, ఘటోత్కచుడి ఆశ్రమం దగ్గరే కథ మలుపు తిరిగింది. తెలుగువాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా గుండెకు హత్తుకున్న పౌరాణిక చిత్రం మూలంలో లేని కథ. దాన్ని ఎవరూ దొంగకథ అనలేదు.

అభ్యంతరాలు

ఎర్రనను తెచ్చి గేమ్ ఆడే పిల్లల పక్కన నిలబెట్టడం ఏం మర్యాద అని అడగవచ్చు. ఇక్కడ పోలిక స్థాయికి సంబంధించింది కాదు, పనికి సంబంధించింది. ప్రబంధ పరమేశ్వరుడన్న పేరు తెచ్చుకున్న కవి చేసిన పనీ, ఎనిమిదో తరగతి పిల్ల నోటుపుస్తకం వెనక పేజీల్లో చేసే పనీ ఒకే జాతివి. ఒకటి శిఖరం, ఇంకొకటి మొదటి అడుగు. శిఖరాన్ని గౌరవిస్తూ అడుగును ఈసడించుకుంటే ఎక్కేవాళ్లు మిగలరు. ఇంకా పదునైన ప్రశ్న ఒకటుంది. ఎర్రన ముందున్నది వేల ఏళ్లుగా జాతి మోసుకొచ్చిన కథ, పిల్లల ముందున్నది అమ్మకానికి తయారైన సరుకు, రెండూ ఒకటెలా అవుతాయి? నిజమే, ఒకటి కావు. అయితే ఊహ తన ఇంధనం ఎక్కడిదని అడగదు. ఇంగ్లండులోని బ్రాంటీ కుటుంబంలో 1826లో తండ్రి కొడుక్కి ఒక కొయ్య సైనికుల పెట్టె కొనిచ్చాడు. అదీ బజారు సరుకే. నలుగురు పిల్లలూ ఆ బొమ్మలకు పేర్లు పెట్టుకుని, రాజ్యాలు కట్టుకుని, అగ్గిపెట్టెంత పుస్తకాల్లో వాటి కథలు ఏళ్ల తరబడి రాసుకున్నారు. షార్లట్ తన బొమ్మకు పెట్టుకున్న పేరు అప్పటి ఇంగ్లండు సేనాని డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌ది. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 1847లో, ఆమె 'జేన్ ఎయిర్', చెల్లెలు ఎమిలీ 'వదరింగ్ హైట్స్' అచ్చయ్యాయి. అనుకరణ దగ్గర మొదలైనవాళ్లంతా గొప్ప రచయితలవుతారని దీన్నిబట్టి అనలేం. గొప్ప రచయితలు అనుకరణ దగ్గర మొదలవడం మాత్రం వింత కాదని అనగలం.

తల్లిదండ్రుల నుంచి వచ్చే అభ్యంతరం వేరు. ఆటలు ఊహను పెంచడం మాట అటుంచి ఉన్నదాన్ని తినేస్తున్నాయని, కళ్లు మండేదాకా ఫోన్ వదలరని వాళ్ల బాధ. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని ఒప్పుకోవాలి. పబ్‌జీ అనే ఫోన్ ఆట 2020 సెప్టెంబరులో నిషేధానికి గురై, 2021లో బీజీఎంఐ పేరుతో మన దేశంలోకి మళ్లీ వచ్చింది. అందులో సాన్‌హాక్ అనే దట్టమైన అడవి పటం ఉంది. చెట్లకు కొదవ లేదు, కథ కూడా ఏమీ చెప్పరు, అంటే ఖాళీ ఉంది. ఊహకు మాత్రం అక్కడ ఊపిరాడదు. ఆడే వలయం నిమిష నిమిషానికీ కుంచించుకుపోతుంది, ఆగి చెట్టును చూసినవాడు చస్తాడు. ఖాళీ ఉన్నా తీరిక లేని అడవి అది. పాత కాంట్రాలోనూ తూటాలే కదా అంటే, అక్కడ ఒక తేడా ఉంది. పెట్టె ఒకటి, రిమోట్లు రెండు, ఆడాలనుకునేవాళ్లు నలుగురైదుగురు. రిమోట్ పట్టుకున్నవాడికి తూటాలు కనబడతాయి, వంతు కోసం కూర్చున్నవాడికి చెట్లు కనబడతాయి. ఇవాళ ఎవరి ఫోన్ వాళ్లదే కాబట్టి వంతు కోసం కూర్చోవడం పోయింది. కనుక పిల్లల విషయంలో అడగాల్సిన ప్రశ్న గేమ్ ఆడాలా వద్దా అన్నదొక్కటే కాదు. ఆ గేమ్ ఆగి చూడనిస్తుందా, ఆట ముగిశాక తలలో ఏమైనా మిగులుతుందా అన్నది కూడా అడగాలి. ఈ కొలతతో చూస్తే అన్ని ఆటలూ ఒకే గాటన కట్టాల్సినవి కావని తేలుతుంది. బొమ్మ ఎంత నిండుగా ఉన్నా చెప్పని మాటకు విలువ తగ్గదు. 2017లో వచ్చిన జెల్డా ఆటలో గడ్డిపోచలు కూడా గాలికి ఊగుతాయి. అయినా లాస్ట్ వుడ్స్‌లో దారి తప్పితే పొగమంచు కమ్మి మొదటికి తెచ్చి పడేస్తుంది, కాగడా నుంచి నిప్పురవ్వలు ఎటు కొట్టుకుపోతున్నాయో కనిపెట్టి నడవాలి. 31 ఏళ్లలో తెర మారింది, దాచడం మారలేదు.

తెర మీది అడవి ఎందుకు, పక్కనే నేలపట్టు ఉంది కదా, తీసుకెళ్లి చూపించండి అనేవాళ్లూ ఉంటారు. తప్పకుండా చూపించాలి. అయితే రెండూ ఒకదానికొకటి పోటీ అనుకోవడం పొరపాటు. గూడబాతును దూరం నుంచి చూసిన పిల్లకు అదొక పక్షి. ఆ చెరువులో ఒక కథ పెట్టుకున్న పిల్లకు అది రాత్రిపూట ఎక్కడ నిద్రపోతుంది, పిల్లలకు మేత ఎంత దూరం నుంచి తెస్తుంది, నీళ్లెండితే ఏమవుతుంది అన్నవి తెలుసుకోక తప్పని విషయాలవుతాయి. కథ రాసేవాడికి వివరం కావాలి, వివరం కోసం నిజం దగ్గరికి రావాలి. మిగిలింది సొత్తు మాట. ఒక కంపెనీ పాత్రలను తీసుకుని రాయడం దొంగతనం కాదా? డబ్బు తీసుకోకుండా, మూలం ఎవరిదో చెప్పి, చదువుకునేందుకు రాసుకున్నదాన్ని చాలా కంపెనీలు చూసీచూడనట్టు ఊరుకుంటాయి. అదే పుస్తకంగా అమ్మకానికి పెడితే వ్యవహారం కోర్టుదాకా పోవచ్చు. ఈ గీత ఎక్కడుందో పిల్లలకు ముందే చెప్పాలి. అది చెప్పడం కూడా రచన నేర్పడంలో భాగమే.

ఇన్ని జవాబులు చెప్పుకున్నా ఒక లోటు తీరకుండా మిగులుతుంది. మన పిల్లలు గేమ్‌ల మీద అల్లే కథల్లో ఎక్కువ భాగం తలలోనే ఆగిపోతాయి, రాసినా ఇంగ్లిషులో రాస్తారు. ఆట ఇంగ్లిషులో ఉంది, చదివేవాళ్లు ఇంగ్లిషులో ఉన్నారు, తెలుగు టైపు చేయడం అలవాటు లేదు. 2014లో మొదలైన ప్రతిలిపి లాంటి వేదికల్లో తెలుగులో కథలు ధారాళంగా వస్తున్నాయి కాబట్టి సాధనాలు లేవని అనలేం. బడిలో మాత్రం వ్యాసరచన అంటే ఇప్పటికీ గైడులో జవాబు దొరికే అంశమే. దాని బదులు నెల్లూరు తీరంలోని ఏ హైస్కూల్లోనైనా తెలుగు టీచరు ఏడాదికి ఒక్కసారి ఇలా అడిగి చూడవచ్చు. మీరు ఆడిన గేమ్‌లో ఒక అడవి తీసుకోండి, దాన్ని మీరు ఎరిగిన సరుగుడు తోపులోనో చెరువుగట్టునో పెట్టండి, ఆట చెప్పకుండా వదిలిన ఒక మనిషి కథ రెండు పేజీల్లో రాయండి. ఆట పేర్లు ఇంగ్లిషువే ఉండనీయండి, చెట్టూ గాలీ మనిషీ మాత్రం ఈ ఊరి మాటల్లో నడవాలి. చెట్టు పేరు తెలియనివాడు ఇంట్లో అవ్వనో తాతనో అడిగి రావాలి. ఈ ప్రశ్నకు మార్కులు వేయడం కష్టమే, కాపీ కొట్టడం అంతకన్నా కష్టం. దిద్దే టీచరుకు ముందే తెలిసిన జవాబు ఆ కాగితాల్లో ఒక్కటీ ఉండదు.